వేదాద్రి రేవుకు చేపల ప్రయాణం

మెట్టవాళ్ళకు నీళ్ళ సంగతి ఏం తెలుసునని దివిసీమ చుట్టాలు మమ్మల్ని వేళాకోళం చేస్తూ వుంటారు. వాళ్ళకు ఇంటి వెనకే కాలువ, కాలువ పక్కనే చెరువు, చెరువు నిండా చేపలు. మా నందిగామ, జగ్గయ్యపేట వైపు కనబడేవి పత్తి చేలు, మిరప చేలు, సున్నపురాతి గుట్టలు. పెళ్ళిళ్ళకు వచ్చినప్పుడల్లా, "మీ వూళ్ళో చేపకు ఈత వచ్చునా అండీ?" అని అడుగుతారు. వాళ్ళు మరిచిపోయే సంగతి ఒక్కటి వుంది. వాళ్ళ కాలువల్లోకి పోయే కృష్ణ ముందు మా ముంగిట్లోంచి పోవాలి. పాలేరు జగ్గయ్యపేట దగ్గర ఆ కృష్ణలోనే కలుస్తుంది. మున్నేరు వరంగల్లు వైపు పుట్టి, ఖమ్మం మీదుగా వచ్చి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారికి దణ్ణం పెట్టుకుని, కీసర వంతెన దాటి ఏటూరు దగ్గర కలుస్తుంది. ఇన్ని ఏళ్ళు పారే చోట చేపలు వుండవా? వున్నాయి. పట్టే తీరిక మాకు లేదు, అంతే! 2022 ఏప్రిల్ 4 నుంచి మాది ఎన్.టి.ఆర్. జిల్లా అయింది గాని, మా నోళ్ళు ఇప్పటికీ కృష్ణాజిల్లా మెట్ట అనే అంటాయి. మీరూ అలాగే అనుకుని చదవండి.

ఆ తీరిక చేయించినవాడు మా మేనల్లుడు. కాలిఫోర్నియాలో వుద్యోగం. ఆమధ్య దసరాకు పదిరోజుల సెలవు పెట్టి నందిగామ వచ్చాడు. వచ్చిన మర్నాడే పెసరట్టు తింటూ, "మామయ్యా, ఈసారి నన్ను కృష్ణలో చేపలవేటకు తీసుకువెళ్ళాలి" అన్నాడు.

వాడికి ఆ పిచ్చి అక్కడే పట్టింది. శని ఆదివారాల్లో కయాక్ అనే ఒంటి మనిషి పడవ వేసుకుని సముద్రం అంచున తిరిగి హాలిబట్ అనే చేపను పడతాడట. హాలిబట్ విచిత్రమైన చేప. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే చెరొకవైపు ఒక కన్ను వుంటుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను తల చుట్టూ తిరిగి రెండోదాని పక్కకు చేరుతుంది. అప్పటినుంచి పళ్ళెంలాగా ఒక పక్కకు పడుకుని, ఇసుకలో ఒళ్ళు దాచుకుని, రెండు కళ్ళూ పైకి పెట్టి, తన మీదుగా పోయే చిన్న చేపలకోసం కాచుకుని వుంటుంది. ఇలా పల్చగా వుండే చేపలు మన సముద్రంలోనూ వున్నాయి. బందరు, కాకినాడ వైపు నాలుక చేపలంటారు.

చేపకన్నా నాకు నచ్చింది వాడి పట్టిక. ఫోనులో చూపించాడు. సముద్రం పోటు ఎన్ని గంటలకు, పాటు ఎన్ని గంటలకు, గాలి ఏ మూలనుంచి, లైసెన్సు జేబులో వుందా, తేలుడు కోటు తొడుక్కున్నామా, ఎన్ని గంటలకు తిరిగివస్తామో ఒడ్డున ఎవరికి చెప్పాం - ఇలా వరసగా పదిహేను అంశాలు. పట్టిన చేప 22 అంగుళాలకు తక్కువైతే మళ్ళీ నీళ్ళలోకి వదిలివేయాలని అక్కడి చట్టమట. అందుకని కొలబద్ద కూడా పట్టికలో వుంది. మా ఇంట్లో పెళ్ళికి కూడా ఇంత పట్టిక వేయలేదు.

"ఇక్కడికీ ఇలాంటిదే వేద్దాం" అన్నాడు. వేశాం. అందులో వాడు రాయనిదీ నాకు తోచనిదీ ఒక అంశాన్ని కృష్ణ ఒడ్డున ఒక పెద్దాయన చేర్చాడు. అదేమిటో ముందే చెబితే మీరు వ్యాసం చదవరు, వరసగా చెబుతాను.

పడవ సంగతి

మొదటి ప్రశ్న పడవ. కయాక్ మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? వెదకవలసిన పని లేదన్నాను. కయాక్‌ను కనిపెట్టింది మంచుదేశాల ఇన్యూట్ వేటగాళ్ళు. కట్టెలతోనో ఎముకలతోనో చట్రం కట్టి దానిమీద సీలు తోలు బిగించేవారు. మన పుట్టి కూడా ఆ జాతిదే. వెదురుబద్దలతో పెద్ద బుట్ట అల్లి, దానికి పశువు తోలు తొడిగితే పుట్టి. ఇప్పుడు తోలుకు బదులు టార్పాలిను పట్టా చుట్టి తారు పూస్తున్నారు. ఫైబరు పుట్టెలూ వచ్చాయి. కయాక్ పొడుగు, పుట్టి గుండ్రం. తేడా అంతే.

గుండ్రటి తోలుపడవలు బాబిలోను ఏటిమీద తిరగడం గురించి రెండువేల నాలుగు వందల ఏళ్ళ కిందటే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, తుంగభద్రమీద బుట్టల్లాంటి పడవల్లో మనుషులే కాదు, గుర్రాలూ ఎద్దులూ దాటుతున్నాయని రాసుకున్నాడు. తరువాతి శతాబ్దంలో వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కూడా ఎద్దుతోలు బుట్టలెక్కి నది దాటినవాడే. అతడు చూసిన కొల్లూరు వజ్రాల గని మాకు ఎగువనే కృష్ణకు ఆవలి ఒడ్డున వుండేది. అరవైవేలమంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు అక్కడిదేనని ప్రతీతి. ఆ కొల్లూరు ఇవాళ పులిచింతల జలాశయం అడుగున వుంది. గుడిమెట్ల వైపు తొలకరి వాన పడ్డాక చేలల్లో తల వంచుకుని వజ్రాలు వెదికేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. చేపలకు పోయేవాడి ఆశా దాదాపు అలాంటిదే. కాకపోతే చేప అప్పుడప్పుడు దొరుకుతుంది.

పెద్దాయన

నందిగామనుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని చిల్లకల్లు దాకా వెళ్ళి, ఎడమవైపుకు తిరిగితే వేదాద్రి. కాని మేము ముందు జగ్గయ్యపేట వెళ్ళాం. గాలాలూ, నైలాను దారమూ, సీసపు గుండ్లూ కొనాలి.

జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టి పేటను కట్టించాడు. వూరి పక్క ధనంబోడు అనే గుట్టమీద బౌద్ధ స్తూపం వుండేది. 1882లో బర్జెస్ దొరగారు దాన్ని తవ్వించి చలువరాతి పలకలు వెలికితీశాడు. ఇక్ష్వాకుల నాటి శాసనాలున్నాయి వాటిమీద. ఆ రోజుల్లో ఇక్కడినుంచి అమరావతి స్తూపానికి వెళ్ళే భిక్షువులు కృష్ణ దాటే వుంటారు. ఏ పుట్టిలో దాటారో శాసనాలు చెప్పవు.

గాలాల దుకాణంలోనే మాకు పెద్దాయన ఆచూకీ తెలిసింది. వేదాద్రి దిగువన రేవుకు కొంచెం ఎడంగా వుంటాడు. నలభై ఏళ్ళుగా కృష్ణమీదే బతుకు. మేము వెళ్ళేసరికి చెట్టుకింద కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. వచ్చిన పని చెప్పాను. నేను బడిపంతులుగా పనిచేసి దిగినవాణ్ణని తెలిసి, "మేష్టారూ, చేప తినాలనుంటే నేనే ఇస్తా. పట్టాలనుంటే ఆలోచించాలి" అన్నాడు.

"పట్టాలనే తాతా" అన్నాడు మా వాడు.

"ఏం చేపకు, బాబూ?"

హాలిబట్ దొరకదని వాడికీ తెలుసు. హాలిబట్‌లాగే అడుగున కాపు కాసే చేప కావాలన్నాడు. పెద్దాయన నవ్వి, "అయితే వాలుగ" అన్నాడు.

వాలుగ సంగతి తెలియనివారికి చెబుతాను. పొలుసు లేని చేప. నోరు కంటి వెనకదాకా చీలి వుంటుంది. పొడుగాటి మీసాలు, బల్లెం అలుగులాంటి ఒళ్ళు. పగలు మడుగుల్లో, రాళ్ళ సందుల్లో పడివుండి రాత్రిళ్ళు, తెల్లవారుజామున వేటకు బయలుదేరుతుంది. ఆరడుగులు దాటి పెరిగే జాతి. బొచ్చె, శీలావతి సాధువులు, తవుడు ఉండకే వస్తాయి. కొర్రమీనుకు కప్ప చూపించాలి. జెల్లకు ఎర్ర చాలు. వాలుగకు మాత్రం బతికున్న చిన్న చేపనే ఎరగా గుచ్చాలి. ఇప్పుడు ఏరునిండా జిలేబీ చేపలు. వాటి పిల్లలే ఎరకు సరిపోతాయన్నాడు పెద్దాయన.

కాలం గురించి కూడా చెప్పాడు. తొలకరి వరదలకు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. కడుపుతో వున్న చేపను పట్టడం విత్తనాల గింజలు దంచుకు తినడంతో సమానం. కార్తీకం దాటాక నీరు తేటపడుతుంది, అప్పుడు రమ్మన్నాడు. కార్తీకానికి మా వాడు అమెరికాలో వుంటాడు. ఆశ్వయుజంలోనే వెళ్ళాలి. వరదలు పూర్తిగా తగ్గని నెల.

"అయితే ఏ రోజన్నది మీరూ నేనూ చెప్పేది కాదు, గేట్లు చెప్పాలి" అన్నాడు పెద్దాయన.

గేట్ల లెక్క

మా వాడి పట్టికలో పోటు, పాటు అన్నచోట పెద్దాయన పెట్టించినవి మూడు ఆనకట్టలు. శ్రీశైలం నిండితే నాగార్జునసాగరానికి వదులుతారు. సాగరం నిండితే పులిచింతలకు. పులిచింతల సాగరానికి 115 కిలోమీటర్లు దిగువ, విజయవాడ ప్రకాశం బ్యారేజికి 85 కిలోమీటర్లు ఎగువ. ప్రఖ్యాత ఇంజనీరు డాక్టర్ కె.ఎల్. రావుగారి పేరు పెట్టిన ఆ ప్రాజెక్టును 2013 డిసెంబరు 7న ప్రారంభించారు. కృష్ణాడెల్టాలోని 13 లక్షల ఎకరాలకు వేళకు నీరందించడం దాని పని. 45.77 టి.ఎం.సి.లు పడతాయి. 24 గేట్లు. ముక్త్యాల, వేదాద్రి రెండూ దానికి దిగువనే వున్నాయి. అంటే మా రేవుకు సముద్రపు పోటూ, చంద్రుడూ అన్నీ ఆ గేట్లే.

"సాగరులో గేట్లెత్తారని రేడియోలో విన్నానంటే, పులిచింతల నిండుగా వుందంటే, మర్నాటికి ఇక్కడ మెట్లు మునుగుతాయి. అందుకని నేను మా రేవు చూడను, సాగరు చూస్తాను" అన్నాడాయన. గేట్లు మూసివున్నా పూర్తి ధైర్యం లేదు. ఆనకట్ట దగ్గర తెలంగాణ వైపు 120 మెగావాట్ల విద్యుత్కేంద్రం వుంది. అది తిరిగితే నీరు వస్తుంది. గేటునూ పూర్తిగా నమ్మలేం. 2021 ఆగస్టు 5న గేట్లు ఎత్తబోతే పదహారో నంబరు గేటు ఏకంగా వూడి కొట్టుకుపోయింది.

ఇక మున్నేరు, పాలేరు వైపు లెక్క వేరు. అక్కడ పులిచింతల అంతటి ఆనకట్ట లేదు. వరంగల్లు, ఖమ్మం వానలు ఎవరినీ అడగకుండా వచ్చేస్తాయి. 2023 జులై చివర మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారినే ముంచింది. లారీలు, బస్సులు వరసకట్టి నిలిచిపోయాయి.

క్యూసెక్కుల మాట పేపర్లలో చదివి మనం పేజీ తిప్పేస్తాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. రెండు బిందెలనుకోండి. ప్రకాశం బ్యారేజి దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండవది. 2009 అక్టోబరులో 11 లక్షల పైచిలుకు వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో దాన్నీ మించి 11.43 లక్షలు. సెకనుకు ఇరవై రెండు లక్షల బిందెలు! 2009 వరద వచ్చింది ఏ నెలలోనో మళ్ళీ చూడండి: సరిగ్గా మా వాడు సెలవు పెట్టిన నెల.

అన్నీ చూసి శుక్రవారం తెల్లవారుజాము అనుకున్నాం. కూలి పదిహేను వందలు. బేరం ముగిసినా పెద్దాయన లేవలేదు. వల ముడి వేస్తూ, "మేష్టారూ, వెళితే పదిహేను వందలు. సరే. నేను వద్దంటే?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మా పట్టికలో లేదు. మా వాడూ నేనూ మొహాలు చూసుకున్నాం.

"ఎందుకడుగుతున్నానంటే, వద్దన్న పూట నా పొయ్యి ఆరుతుంది. పొయ్యి ఆరుతుందనుకున్నవాడు వద్దనలేడు. కళ్ళముందు నీరు మారుతున్నా, ఏం కాదులే బాబూ ఎక్కండి అంటాడు. అట్లా అన్నవాళ్ళను చూశాను" అన్నాడు.

మా వాడు ఫోను తీసి పదహారో అంశం రాసుకున్నాడు. వెళ్ళినా వెళ్ళకపోయినా పదిహేను వందలూ ఇస్తామన్నాం. పెద్దాయన అప్పుడు లేచి, పుట్టి బోర్లించి పట్టా చూపించాడు.

వద్దన్న రోజు

శుక్రవారం చీకటితోనే నందిగామనుంచి బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం, ప్లాస్కునిండా కాఫీ, మా వాడు విజయవాడనుంచి తెప్పించిన మూడు తేలుడు కోట్లు. రేవు చేరేసరికి తూరుపు ఎర్రబడుతోంది. గుడి గంట వినిపిస్తోంది. వేదాద్రి నరసింహస్వామి అయిదు రూపాల్లో వెలిశాడనీ, అందులో సాలగ్రామ రూపం కృష్ణగర్భంలోనే వుందనీ భక్తుల విశ్వాసం. నది ప్రశాంతంగా, అద్దంలాగా కనిపించింది నా కళ్ళకు. పుట్టి మాత్రం ఒడ్డున చెట్టుకు కట్టి వుంది. వల దాని పక్కన మడత పెట్టి వుంది.

"ఈవేళ వద్దు" అన్నాడు పెద్దాయన.

"నీళ్ళు నిలకడగానే వున్నాయిగా తాతా?"

"రంగు చూడు బాబూ. మొన్న పచ్చగా వుంది. ఈవేళ టీ నీళ్ళు. ఆ తుక్కు చూడు, నురగ చూడు. రాత్రి సాగరులో గేట్లెత్తారు. నేను నిన్న పొద్దుగూకకముందే వలలు తీసేశా."

ఆయన ఆ మాట అంటూ వుండగానే ఒక కుర్రవాడు పరుగెత్తుకొచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. వాడి వల నదిలోనే వుంది. అవతలి రాళ్ళ దగ్గర సాయంత్రం కట్టి వదిలేశాడు. అప్పుచేసి కొన్న వల, ఎనిమిది వేలు. బెండ్లు ఇంకా నీటిమీద కనిపిస్తున్నాయి. "పావుగంటలో తీసుకొచ్చేస్తా, పుట్టి ఇవ్వు పెదనాన్నా" అన్నాడు.

పెద్దాయన తెడ్డు తీసి తన ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఇవ్వనని కూడా అనలేదు. కుర్రవాడు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పైన రోడ్డుమీద దండోరా వేస్తున్న ఆటో వినిపించింది: మరికొన్ని గేట్లు ఎత్తుతున్నారు, ఏట్లోకి ఎవరూ దిగవద్దు అని. ఒకొక్క మెట్టే మునగడం మొదలైంది. నేను లెక్కపెడుతున్నాను. గంట తిరిగేలోగా నాలుగు మెట్లు పోయాయి. నది పెద్ద చప్పుడేమీ చేయలేదు. వెడల్పయింది, అంతే. చూస్తూ వుండగానే బెండ్లు ఒకవైపుకు లాగినట్టయి, మునిగి, మళ్ళీ కొంత దూరాన తేలి, దుంగ ఒకటి వచ్చి తగిలాక మరి కనిపించలేదు.

ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిది వేలు పోయాయి. మనిషి ఒడ్డున వున్నాడు.

నేను పదిహేను వందలు తీసి ఇస్తే పెద్దాయన ఎంచుకుని, అందులో సగం కుర్రవాడి జేబులో పెట్టాడు. "కొత్త వల దారానికి" అన్నాడు. మా వాడు మరికొంత ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నీకు ఇవ్వాలనుంటే వాడికి ఆ కోటు ఒకటి ఇచ్చిపో బాబూ" అన్నాడు. మూడు తేలుడు కోట్లలో ఒకటి అలా అక్కడే వుండిపోయింది.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయిన రోజున కూడా కృష్ణ మా రేవునుంచే కిందికి పోయింది. ఆవేళ వరదలేదు, తుఫానూ లేదు. నీటిమీదికి వెళ్ళేవాడికి తేలుడు కోటు వరదరోజుకు మాత్రమే కాదు.

వెళ్ళిన రోజు

సోమవారానికి గేట్లు దించారు. మంగళవారం నీరు సర్దుకుంది. బుధవారం తెల్లవారుజామున పెద్దాయనే ఫోను చేసి, "రండి మేష్టారూ" అన్నాడు. మా వాడి సెలవులో ఇంకొక్క రోజే మిగిలి వుంది.

పుట్టి ఎక్కడం ఒక విద్య. మధ్యలో కాలు పెట్టాలి, వెంటనే కూర్చోవాలి. అంచుమీద కాలు పెడితే అది మనల్ని వంచుతుంది. కయాక్ నడిపిన ధీమాతో మా వాడు తెడ్డు అడిగాడు. పక్కనుంచి వేశాడు. పుట్టి పోలేదు, తిరిగింది. ఇటువైపు వేశాడు, అటు తిరిగింది. నాలుగు ప్రదక్షిణాలయ్యాక నాకు స్వామి దర్శనం ఇక్కడే అయినట్టనిపించింది. "పక్కన కాదు బాబూ, ముందర వెయ్యి. నీళ్ళను నీ దగ్గరకు లాక్కో" అని చెప్పి పెద్దాయన చూపించాడు. పుట్టికి ముందూ వెనకా లేవు కదా! తెడ్డు ఎటు వేస్తే అదే ముందు.

గుడి రేవు దగ్గర భక్తులు మరమరాలు వేసే చేపల జోలికి పోలేదు. అది మర్యాద. దిగువన రాళ్ళవెనక నీరు నిలిచిన మడుగు దగ్గర ఆపాడు. తాడుకు రాయికట్టి లంగరు వేశాడు. జిలేబీ పిల్లను గాలానికి గుచ్చి వదిలాం. కూర్చున్నాం. అవతల గుంటూరు వైపు కొండలు, ఇవతల నిద్రలేస్తున్న వూళ్ళు. నది మధ్యన కూర్చుంటే రెండు ఒడ్లూ ఒకేలాగా కనిపిస్తాయి.

మొదటి రెండు గంటల్లో వచ్చినవి మూడు జెల్లలు, ఒక జిలేబీ. చిన్న శీలావతి ఒకటి పడితే, మా వాడు అలవాటుకొద్దీ అంగుళాలు కొలిచి వదిలేశాడు. పెద్దాయన దాన్ని చూసి మెచ్చుకున్నాడు. ఎండ ఎక్కుతుండగా దారం ఒక్కసారి బిగిసింది. మా వాడి చేతిలో కర్ర విల్లులా వంగింది. నీటిమీద వెండితళుకు ఒకటి తిరిగి మాయమైంది. చెయ్యంత పొడుగు, ఇంకా ఎక్కువేనేమో. వాలుగ! మా వాడి మొహం చూడాలి మీరు.

అది మడుగులో వుండకుండా నడిధారకేసి లాగింది. లంగరు రాయి జారింది. పుట్టి నెమ్మదిగా రాళ్ళ అండ దాటి ధార అంచుకు వచ్చింది. "వదులు బాబూ" అన్నాడు పెద్దాయన. "ఒక్క నిమిషం తాతా!" పెద్దాయన రెండోసారి చెప్పలేదు. మొలనున్న కత్తితో దారం కోసేసి, రెండు చేతులతో తెడ్డు వేసి పుట్టిని మళ్ళీ రాళ్ళ వెనక్కు తెచ్చాడు.

చాలాసేపు మా వాడు నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నాడు. "ఎంత వుంటుంది తాతా?" అని అడిగాడు చివరికి.

"ఇంటికి వెళ్ళేసరికి ఎంతైనా వుంటుంది" అన్నాడాయన.

జెల్లలు మూడూ మాకిచ్చాడు. మా అక్కయ్య మట్టిదాకలో చింతపండు పులుసు పెట్టింది. చేపల పులుసు వండిన పూటకన్నా మర్నాటికే రుచి కదా. మర్నాటి పొద్దున అది తిని మా వాడు హైదరాబాదు కారెక్కాడు.

మీరు వెళ్ళదలిస్తే

వేదాద్రికీ ముక్త్యాలకూ ఎవరైనా వెళ్ళవచ్చు. కార్తీకం దాటినప్పటినుంచి ఎండలు ముదిరేదాకా మంచి కాలం. వేటకు అనుమతుల సంగతి ముందుగా మత్స్యశాఖవారినీ, ఆ వూరి మత్స్యకార సహకార సంఘంవారినీ అడగండి. వలా, నదీ వాళ్ళ జీవనం. మనం ఒక పూట చుట్టాలం. బయలుదేరే ముందురోజు సాగరులో ఎన్ని గేట్లు తెరిచారో, పులిచింతలలో నీరెంత వుందో పేపరులో చూడండి. మున్నేరు వైపైతే ఖమ్మంలో వాన ఎంత పడిందో చూడండి. తేలుడు కోటు లేనిదే పుట్టి ఎక్కవద్దు. ఈతవచ్చిన వాళ్ళకు మరీ మరీ చెబుతున్నాను. ఎన్ని గంటలకు తిరిగివస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

వీటన్నిటికన్నా ముందు పడవవాడి కూలి మాట్లాడుకోండి. వెళితే ఎంత అని కాదు, వద్దంటే ఎంత అని. మా పట్టికలో పదహారోదిగా చేరిన ఆ అంశాన్ని మా వాడు ఇప్పుడు మొట్టమొదటి వరసలో రాసుకున్నాడట. వద్దన్నందుకు మనిషి నష్టపోని ఏర్పాటు వుంటే, వద్దనవలసినప్పుడు వద్దంటాడు. వాలుగ మాత్రం ఇంకా మడుగులోనే వుంది. పోయినవారం పెద్దాయన ఫోను చేసి, దాని దవడకు మా వాడి గాలం వేలాడుతూ వుండగా చూశానన్నాడు. కొంచెం పెరిగిందట కూడా!